కొట్టమన్నవాడు, కొట్టినవాడు

మా జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి అమెరికా వెళ్ళిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు తక్కువేం కాదు. అక్కడి ఫుట్‌బాల్ మొదట్లో వాళ్ళకి అర్థం కాదు (చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఆ పేరేంటి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు). రెండేళ్ళయ్యాక మాత్రం ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తరు. వాళ్ళతో మాట్లాడుతుంటే ఎప్పుడో ఒకప్పుడు ఓ పాత గొడవ పైకొస్తుంది: 2012లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఆటగాళ్ళని సస్పెండ్ చెయ్యడం న్యాయమేనా? ఎదుటివాణ్ణి కావాలని గాయపరచడానికి డబ్బులు పెట్టినవాళ్ళ మీద జాలేంటని ఒకరంటారు. సాక్ష్యం ఏదీ అని ఇంకొకరు.

నన్నడిగితే ఈ ప్రశ్నని 2012 దగ్గర కాదు, 1933 దగ్గర మొదలుపెట్టాలి. అందులో మన తెలుగాయన కూడా ఒకాయన ఉన్నాడు.

బాడీలైన్ గురించి వినని క్రికెట్ అభిమాని ఉండడు. 1932-33లో ఇంగ్లండ్ జట్టు ఆస్ట్రేలియా వెళ్ళింది. కెప్టెన్ డగ్లస్ జార్డిన్, పుట్టింది బొంబాయిలో. బ్రాడ్‌మన్‌ని ఆపడానికి ఆయన వేసిన పథకం సులువుగా చెప్పాలంటే ఇదీ: లెగ్ సైడ్ ఫీల్డర్లని గుంపుగా నిలబెట్టి, వికెట్లకి కాకుండా ఒంటికి గురిపెట్టి వెయ్యడం. బ్యాట్స్‌మన్ వంగితే దెబ్బ, బ్యాట్ అడ్డం పెడితే క్యాచ్. హెల్మెట్లు లేని రోజులవి. అడిలైడ్ టెస్టులో లార్వుడ్ బంతి ఆస్ట్రేలియా కెప్టెన్ వుడ్‌ఫుల్ గుండెకి దగ్గర్లో తగిలింది. అదే టెస్టులో వికెట్‌కీపర్ ఓల్డ్‌ఫీల్డ్ పుర్రె చిట్లింది. (ఈ రెండోదానికి లార్వుడ్ తప్పు లేదని ఓల్డ్‌ఫీల్డే చెప్పాడు. అప్పుడు ఫీల్డింగ్ మామూలుగానే ఉంది, తనే హుక్ చెయ్యబోయి తగిలించుకున్నాడు.) రెండు దేశాల బోర్డుల మధ్య టెలిగ్రాముల యుద్ధం నడిచింది. ఇంగ్లండ్ 4-1తో సిరీస్ గెలిచింది, లార్వుడ్‌కి 33 వికెట్లు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ జట్టులో రెండు కులాలు ఉండేవి. అమెచ్యూర్లు అంటే దొరబాబులు, ఆట వాళ్ళకి సరదా. ప్రొఫెషనల్స్ అంటే కూలికి ఆడేవాళ్ళు. గబ్బీ అలెన్ ఫాస్ట్ బౌలరే, కానీ అమెచ్యూరు. నేను అలా వెయ్యను అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఐదు టెస్టులూ ఆడాడు. మన పటౌడీ నవాబు ఆ లెగ్ సైడ్ గుంపులో నిలబడనన్నాడు, రెండో టెస్టు తర్వాత ఆయన్ని పక్కన పెట్టారు గానీ ఆయన ఇంట్లో పొయ్యి ఆరిపోదు కదా. లార్వుడ్ చిన్నప్పుడు బొగ్గు గనిలో పనిచేసి వచ్చినవాడు. కెప్టెన్ మాట కాదంటే మళ్ళీ గనికే.

ఆ తర్వాత ఎవరికేం జరిగిందో చూడండి. క్షమాపణ చెప్పమని అడిగింది లార్వుడ్‌ని. కెప్టెన్ చెప్పినట్టు వేసినందుకు నేనెందుకు క్షమాపణ చెప్పాలని ఆయన ఒప్పుకోలేదు. 1933 ఫిబ్రవరి సిడ్నీ టెస్టే ఆయనకి ఆఖరిది అయింది. సస్పెన్షన్ అన్న కాగితం ఎక్కడా లేదు, పిలవడం మానేశారంతే. జార్డినో? 1933 వేసవిలో ఇంగ్లండ్‌కి ఆయనే కెప్టెన్, ఆ చలికాలంలో ఇండియా వచ్చిన జట్టుకీ ఆయనే. 1934లో తనంతట తానే తప్పుకున్నాడు.

ఇండియాలో మొట్టమొదటి టెస్టు సిరీస్ అదే. మన కెప్టెన్ కొఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె.నాయుడు, నాగపూర్‌లో పుట్టిన తెలుగాయన. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ 118 కొడితే అవతలి ఎండ్‌లో నాయుడు 67. కలకత్తాలో నికల్స్ బంతి దిలావర్ హుస్సేన్ తలకి తగిలింది. తిరిగొచ్చి రెండు ఇన్నింగ్స్‌లోనూ యాభై దాటాడు. మద్రాసులో క్లార్క్ బంతి నవూమల్ మొహానికి తగిలింది. ఆస్ట్రేలియావాళ్ళకి తగిలితే సామ్రాజ్యం కదిలింది. మనవాళ్ళకి తగిలితే అది స్కోరుకార్డులో ఒక వరుస. (ఆ పర్యటన మొత్తంలో జార్డిన్ జట్టు ఓడింది ఒక్కసారే, కాశీలో, విజయనగరం మహారాజకుమార్ విజ్జీ జట్టు చేతిలో. విజ్జీని తిట్టడానికి వంద కారణాలున్నా ఇది మాత్రం ఆయన ఖాతాలో వెయ్యాల్సిందే.)

నాయుడు గురించి ఇంకో కథ చెబుతారు. యాభై దాటిన వయసులో రంజీ ఆడుతుంటే ఫడ్కర్ వేసిన బౌన్సర్‌కి పళ్ళు ఊడాయట. నెత్తురు తుడుచుకుని, వేగం తగ్గించొద్దని చెప్పి మళ్ళీ గార్డ్ తీసుకున్నాడట. ఫడ్కర్‌ని సస్పెండ్ చెయ్యాలని ఎవరికీ తోచలేదు, తోచకూడదు కూడా. దెబ్బ పెద్దదే, కానీ బౌన్సర్ ఆటలో భాగం. ఎంత గాయమైంది అన్నదాన్నిబట్టి శిక్ష వేస్తే సగంమంది ఫాస్ట్ బౌలర్లు ఇంట్లో కూర్చోవాలి. చూడాల్సింది పథకం. పథకం అనగానే దాన్ని ఎవరు వేశారన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద దాన్ని పేటగా కట్టించాడు. (అప్పటి కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా.) దోపిడీలు చేస్తున్నారని చెంచుల్ని భోజనానికి పిలిపించి తలలు నరికించాడని, ఆ తర్వాత అన్నం ముందు కూర్చుంటే పురుగులు కనిపించేవని, ఆ పాపం పోవడానికి అమరావతి చేరి గుళ్ళు కట్టించాడని ఈ చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఇందులో చరిత్ర ఎంతో కథ ఎంతో పక్కన పెట్టండి. కథలో కత్తి పట్టినవాడి పేరు ఒక్కటీ లేదు. పురుగులు కనిపించింది ఆజ్ఞ ఇచ్చినవాడి కంచంలోనే. నరమేధానికీ ఆటకీ పోలికేంటి అంటారేమో. తప్పు బరువులో పోలిక లేదు, లెక్క ఎవరి దగ్గర మొదలుపెట్టాలన్న దాంట్లో ఉంది. చదువురాని మా ముసలమ్మలకి తెలిసిన ఆ లెక్క లండన్ క్రికెట్ పెద్దలకి తెలియలేదు.

ఇప్పుడు సెయింట్స్ దగ్గరకి వద్దాం. 2009 నుంచి 2011 దాకా ఆ జట్టు డిఫెన్స్‌లో ఒక నిధి నడిచిందని లీగ్ తేల్చింది. ఎదుటి ఆటగాణ్ణి బండిలో మోసుకెళ్ళేలా కొడితే 1,000 డాలర్లు, మళ్ళీ ఆ మ్యాచ్‌లోకి రాకుండా చేస్తే 1,500. నడిపింది డిఫెన్స్ కోచ్ గ్రెగ్ విలియమ్స్. కమిషనర్ రోజర్ గుడెల్ ఆయన్ని నిరవధికంగా, హెడ్ కోచ్ షాన్ పేటన్‌ని ఏడాదిపాటు సస్పెండ్ చేశాడు. జట్టుకి 5 లక్షల డాలర్ల జరిమానా. ఇంతవరకూ నాకు పేచీ లేదు. 1933 కంటే ఎంతో నయం.

తర్వాత ఆటగాళ్ళ వంతు. జొనాథన్ విల్మాకి ఏడాది, ఆంథనీ హార్‌గ్రోవ్‌కి 8 మ్యాచ్‌లు, విల్ స్మిత్‌కి 4, స్కాట్ ఫుజీటాకి 3. బ్రెట్ ఫార్వ్‌ని పడగొట్టినవాడికి 10,000 డాలర్లు ఇస్తానని విల్మా అన్నాడన్నది పెద్ద ఆరోపణ, విల్మా మొదట్నుంచీ కాదనే అన్నాడు. చిక్కెక్కడంటే, విచారణ జరిపింది లీగ్ ఆఫీసు, శిక్ష వేసింది గుడెల్, అప్పీలు వినేదీ గుడెలే. మన భాషలో చెప్పాలంటే కోడ్ రాసినవాడే టెస్ట్ చేసి, వాడే సైనాఫ్ ఇచ్చి, బగ్ వచ్చిందని కస్టమర్ మొత్తుకుంటే ఆ టికెట్ కూడా వాడే క్లోజ్ చేసినట్టు. ఏ ఆడిటరైనా మొదటి రోజే పట్టుకుంటాడు. పైగా, తలదెబ్బల ప్రమాదాన్ని దాచారని మాజీ ఆటగాళ్ళు ఆ లీగ్ మీదే కేసులు వేసి ఉన్న సమయం అది. ఆటగాళ్ళ భద్రత మీద మాకెంత శ్రద్ధో చూడండి అని చూపించుకోవాల్సిన అవసరం జడ్జి సీట్లో కూర్చున్నాయనకే ఉంది.

సెప్టెంబరులో ఒక అప్పీళ్ళ ప్యానెల్ ఆ శిక్షల్ని పక్కన పెట్టింది. అక్టోబరులో గుడెల్ కొంచెం మార్చి మళ్ళీ వేశాడు. చివరికి తను తప్పుకుని, తనకంటే ముందు కమిషనర్‌గా చేసిన పాల్ టాగ్లియబూకి అప్పీలు అప్పజెప్పాడు. 2012 డిసెంబరు 11న వచ్చిన తీర్పు నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే అది ఎవరినీ పూర్తిగా సంతోషపెట్టలేదు. ముగ్గురు చేసింది తప్పేనన్నాడు, ఫుజీటాది కాదన్నాడు. నలుగురి శిక్షలూ కొట్టేశాడు. చెడు పైనుంచి, కోచ్‌ల నుంచి వచ్చిందన్నాడు. ఈ శిక్షల్లో ఏదీ మైదానంలో చేసిన పనికి వేసింది కాదని కూడా గుర్తుచేశాడు.

అలాగని ఆటగాణ్ణి ఎప్పుడూ సస్పెండ్ చెయ్యకూడదని నేననను. 2001 ఏప్రిల్‌లో మాంచెస్టర్ డెర్బీలో రాయ్ కీన్, ఆల్ఫీ హాలండ్ మోకాలి మీదికి దూకాడు (ఇప్పటి గోల్స్ యంత్రం ఎర్లింగ్ హాలండ్ వాళ్ళ నాన్న). రెడ్ కార్డ్, 3 మ్యాచ్‌ల నిషేధం. మరుసటేడు తన ఆత్మకథలో అది పాత పగ తీర్చుకోవడమేనన్నట్టు రాసుకున్నాడు. ఇంకో 5 మ్యాచ్‌లు, లక్షా 50 వేల పౌండ్ల జరిమానా పడ్డాయి. అక్కడ కోచ్ చెప్పలేదు, జట్టు పథకం కాదు. పని తనది, మాటా తనదే. ఆ దెబ్బతోనే హాలండ్ ఆట పోయిందని చాలామంది అంటారు గానీ ఆయన్ని వెనక్కి లాగింది రెండో మోకాలు. అయినా సరే ఆ శిక్ష న్యాయమే, ఎందుకంటే అది గాయానికి కాదు, ఉద్దేశానికి వేసింది.

కీన్‌కీ విల్మాకీ మధ్య ఎక్కడో హార్‌గ్రోవ్ ఉన్నాడు. ఆయన మీద ముఖ్యమైన అభియోగం లీగ్ విచారణాధికారులకి అబద్ధం చెప్పాడన్నది. ఏమీ తెలియనట్టు ఉండమని కోచ్‌లే చెప్పారని ఆయన రాతపూర్వకంగా ఇచ్చాడు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి పైవాళ్ళ మాట వినాల్సిన ఒత్తిడి ఆయన మీద ఉండి ఉండొచ్చని టాగ్లియబూ తీర్పులో ఒప్పుకున్నాడు. మేనేజర్ చెప్పాడని స్టేటస్ రిపోర్టులో ఎర్ర రంగుని ఆకుపచ్చ చేసినవాళ్ళకి ఈ ఒత్తిడి గురించి నేను వివరించక్కర్లేదు. కాకపోతే ఆ తీర్పు వచ్చింది డిసెంబరులో. హార్‌గ్రోవ్‌ని గ్రీన్ బే ప్యాకర్స్ ఆగస్టులోనే తీసేసింది.