చంద్రుణ్ణి నేల మీద చదివిన యూజీన్ షూమేకర్

అమెరికాలోని అరిజోనా ఎడారిలో సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం, 170 మీటర్ల లోతు ఉన్న ఒక బిలం ఉంది. దాని చుట్టుపక్కల ఇనుప ఉల్కాశకలాలు విరివిగా దొరికేవి. అయినా 1891లో దాన్ని పరిశీలించిన ప్రసిద్ధ భూవిజ్ఞాని గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్, అది భూగర్భంలో ఆవిరి పేలడం వల్ల ఏర్పడిందని తీర్మానించాడు. అంత గొయ్యి చేసిన ఇనుప ముద్ద అడుగున ఉండితీరాలి. అయస్కాంత కొలతల్లో దాని జాడ కనిపించలేదు. ఇదీ ఆయన తర్కం. చంద్రుడి మీది బిలాలు మాత్రం తాకిడి వల్ల ఏర్పడినవేనని రెండేళ్ళ తరువాత వాదించినవాడూ ఈ గిల్బర్టే. డానియల్ బారింజర్ అనే గనుల వ్యాపారి 1903లో కంపెనీ పెట్టి, ఆ ఇనుము కోసం ఏళ్ళ తరబడి తవ్వించినా ఫలితం దక్కలేదు. ఉల్కలో అధికభాగం తాకిడి వేడికి కరిగి చెదిరిపోయింది.

ఇది ఒక్క గోతికి సంబంధించిన తగాదా కాదు. గాలి, నీరు, అగ్నిపర్వతాలు లక్షల ఏళ్ళుగా నేలను మలిచాయన్నది భూవిజ్ఞానపు పునాది. ఆకాశం నుంచి రాయి పడి క్షణంలో నేల రూపు మారిందనడం ఆ శాస్త్రానికి పురాణకథలా వినిపించేది. ఆ కథను రుజువుగా మార్చినవాడు యూజీన్ షూమేకర్.

1928లో లాస్ ఏంజలీస్‌లో పుట్టిన షూమేకర్ కాల్‌టెక్‌లో చదివి, 1948లో అమెరికా భూవిజ్ఞాన సర్వేలో చేరాడు. కొలరాడోలో యురేనియం నిక్షేపాలు వెతుకుతున్న ఆ రోజుల్లోనే, మనుషులు చంద్రుడి మీదికి వెళ్ళడం ఖాయమనీ, వెళ్ళేవారిలో తానూ ఉండాలనీ నిశ్చయించుకున్నాడు. స్పుత్నిక్ ఎగరడానికి అప్పటికింకా తొమ్మిదేళ్ళుంది.

నెవాడాలో అణుపరీక్షల వల్ల ఏర్పడిన గుంటలను ఆయన నిశితంగా పరిశీలించాడు. పేలుడు ధాటికి గుంట అంచున ఉన్న పొరలు పైకి లేచి, పుస్తకపు పుటలా వెనక్కి తిరగబడ్డాయి. అరిజోనా బిలం అంచున కూడా పొరలు అదే తీరులో తలకిందులై, పాతవి పైన, కొత్తవి కింద ఉన్నాయి. 1960లో ఎడ్వర్డ్ చావో, బెత్ మాడ్సెన్‌లతో కలిసి ఆయన అక్కడి రాళ్ళలో కోయసైట్‌ను గుర్తించాడు. ఇది సిలికాకు మరో రూపం; ఏర్పడడానికి వాతావరణ పీడనానికి 20,000 రెట్లకు పైబడిన ఒత్తిడి కావాలి. నేల పైపొరల్లో ఆవిరి పేలుడుకు గాని, అగ్నిపర్వతానికి గాని అంతటి ఒత్తిడి పుట్టించే శక్తి లేదు. జర్మనీలో సుమారు 24 కిలోమీటర్ల వెడల్పున్న రీస్ పల్లంలోనూ కోయసైట్ దొరకడంతో, అగ్నిపర్వతమని అనేకులు నమ్మిన ఆ చోటు ఉల్కాబిలమని తేలింది. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు కూడా ఉల్కాబిలమేనని 1973లో నిరూపించింది ఇలా తాకిడి దెబ్బ తిన్న రాళ్ళ సాక్ష్యమే.

అదే దృష్టితో ఆయన చంద్రుడి ఛాయాచిత్రాలను చదివాడు. ఒక బిలం నుంచి ఎగిరిన ధూళి మరోదాన్ని కప్పితే, కప్పినదే తరువాతిది. ఈ సులభసూత్రంతో రాబర్ట్ హాక్‌మన్‌తో కలిసి చంద్రుడి చరిత్రకు కాలక్రమం కూర్చాడు. 1961లో భూవిజ్ఞాన సర్వేలో ఖగోళ భూవిజ్ఞాన శాఖను నెలకొల్పి, అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌ను దాని కేంద్రంగా చేశాడు. అపోలో వ్యోమగాములు రాళ్ళను గుర్తుపట్టడం నేర్చుకున్నది ఈ పరిసరాల్లోనే.

కాని 1963లో ఆయనకు అడిసన్స్ వ్యాధి ఉందని తేలింది. అడ్రినల్ గ్రంథులను దెబ్బతీసే ఆ జబ్బుతో వ్యోమగామి అయ్యే దారి మూసుకుపోయింది. పదిహేనేళ్ళుగా దేనికోసం సిద్ధపడ్డాడో అది ఇక ఇతరులదయింది. ఆయన పని మానలేదు. తొలి అపోలో యాత్రల్లో భూవిజ్ఞాన పరిశోధనకు నాయకత్వం వహించాడు. 1972లో అపోలో 17తో చంద్రుడిపై అడుగుపెట్టిన భూవిజ్ఞాని హారిసన్ ష్మిట్, ఒకప్పుడు షూమేకర్ శాఖలో పనిచేసినవాడే.

తరువాతి కాలంలో ఆయన భూమిని ఢీకొనగల గ్రహశకలాల వేటలో పడ్డాడు. యాభై దాటాక ఖగోళ పరిశీలన మొదలుపెట్టిన భార్య కారొలిన్, 30కి పైగా తోకచుక్కలను కనుగొంది. 1993 మార్చిలో ఈ దంపతులు, డేవిడ్ లెవీ కలిసి పాలొమార్‌లో గుర్తించిన తోకచుక్క అప్పటికే ముక్కలై ఉంది. 1994 జులైలో ఆ ముక్కలు వరుసగా గురుగ్రహాన్ని ఢీకొన్నాయి. కొన్ని మచ్చలు భూమికంటే పెద్దవి. రాళ్ళను బట్టి ఊహించవలసిన ఘటనను ప్రపంచమంతా దుర్భిణుల్లో కళ్ళారా చూసింది.

1997 జులై 18న, ఆస్ట్రేలియాలో ఉల్కాబిలాల అన్వేషణలో ఉండగా, కారు ప్రమాదంలో షూమేకర్ మరణించాడు. కారొలిన్ గాయాలతో బయటపడింది. ఆయన చితాభస్మంలో కొంత లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో ప్రయాణించింది. నీటి జాడ తెలుసుకునేందుకు 1999 జులై 31న ఆ నౌకను చంద్రుడి దక్షిణధ్రువం దగ్గర ఒక బిలంలో కావాలనే కూల్చారు. ఆ బిలం పేరు ఇప్పుడు షూమేకర్.