ఎలాస్టిక్ అంచు మీద హక్కు

చరిత్ర అనగానే నా విద్యార్థులకు కోటలు, కిరీటాలు తోస్తాయి. పసివాడి డైపరు అంచులోని ఎలాస్టిక్‌కూ చరిత్ర ఉన్నదంటే నవ్వుతారు.

1987లో ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీకి అమెరికాలో ఒక పేటెంటు దక్కింది. తొడను బిగించే అంచుకు లోపల మరొక అంచు. ఎలాస్టిక్ లాగడంతో అది వరిచేను గట్టులా లేచి నిలిచి, లోపలి పొర పీల్చుకొనేలోగా తడిని ఆపుతుంది. ఉపాయం చిన్నది, కాని తెలివైనది. దానిని నేను తక్కువ చేయను. అయితే ఇటువంటి పేటెంట్లపై కనిపెట్టిన ఉద్యోగి పేరు ఉంటుంది, హక్కు మాత్రం యజమానికి పోతుంది. పేరొకరిది, పంట మరొకరిది!

పారగాన్ ట్రేడ్ బ్రాండ్స్ దుకాణాల సొంత పేర్లతో చౌక డైపర్లు తయారుచేసేది. 1994లో దానిపై డెలవేరు ఫెడరల్ కోర్టులో దావా పడింది. 1997 డిసెంబరు 30న తీర్పు పారగాన్‌కు ప్రతికూలంగా వచ్చింది. సరిగ్గా వారానికి, 1998 జనవరి 6న, కంపెనీ దివాలా చట్టాన్ని శరణుజొచ్చింది. నష్టపరిహారం 17 కోట్ల 84 లక్షల డాలర్లని ఆ ఏడే తేల్చారు.

శ్రమకు ప్రతిఫలం వద్దనేదెవరు? కాని చౌకసరుకు కొనే తల్లి ఆ వ్యాజ్యంలో కక్షిదారు కాదు. ఆమె మాట ఎవరూ అడగలేదు. చివరికి రెండు కంపెనీలూ లైసెన్సు, రాయల్టీల మీద రాజీపడ్డాయి.