తెలుగులో ఈ-పుస్తక ప్రచురణ

రచనను కాగితంపై అచ్చువేయకుండా కంప్యూటరు, ఫోను వంటి పరికరాలలో చదువుకొనే రూపంలో వెలువరించడాన్ని '''ఈ-పుస్తక ప్రచురణ''' అంటారు. తెలుగులో పలువురు రచయితలు సొంత ఖర్చుతో పుస్తకాలు అచ్చువేయించి, అమ్ముడుపోని ప్రతులను ఇంట్లోనే దాచుకొనేవారు. ఈ-పుస్తకానికి ఆ బెడద లేదు. ప్రతులు చెల్లిపోవడమూ ఉండదు.

== లిపి సమస్య ==
1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం లభించింది. అయినా ముద్రణారంగంలో అను వంటి యూనికోడేతర ఫాంట్ల వాడుకే చాలాకాలం సాగింది. అటువంటి ఫైళ్ళను యూనికోడ్ లోకి మార్చి, దొర్లిన తప్పులు దిద్దవలసి ఉంటుంది. కనుక యూనికోడ్ ప్రతిని తనవద్ద భద్రపరచుకొన్న రచయితకు పునఃప్రచురణ సులభము.

== కిండిల్ ==
అమెజాన్ సంస్థ 2007లో కిండిల్ పరికరాన్ని విడుదల చేసింది. 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు అందులో చోటు కల్పించినపుడు ఆ జాబితాలో తెలుగు లేదు.