ఊరికి ఒక్క టీవీ

బల్లార్‌పూర్ నుంచో, ఘుగ్గుస్ గనుల క్వార్టర్ల నుంచో రిటైరై సొంత ఊరికి తరలిపోయే తెలుగు కుటుంబాలను మీరు చూస్తూనే ఉంటారు. బీరువా, మంచాలు, బియ్యం డబ్బా వ్యాను ఎక్కిన తర్వాత అన్నిటికన్నా చివర, నలుగురి కేకల మధ్య బయటికి వచ్చేది టీవీ. రాజురా, వాంకిడి మీదుగా ఆసిఫాబాద్ దాకా పోయే దారిలో డ్రైవరుకు పడే హెచ్చరికలన్నీ దాని గురించే. ఒక ఇంటి టీవీకే ఇంత కంగారు అయితే, రెండు వేలకు పైగా పల్లెలకు, ఊరికి ఒక్కటి చొప్పున టీవీలు చేర్చినవారి సంగతి ఏమిటి? ఈనాటి ప్రసంగం వారి గురించి.

1975 ఆగస్టు 1న మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు నేరుగా చదువు చెప్పే టెలివిజన్ అన్నమాట. ఆలోచన విక్రమ్ సారాభాయిది. 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదిరింది. 1971 చివర్లో ఆయన కన్నుమూశారు. ప్రయోగాన్ని కళ్లారా చూడలేకపోయారు. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రంలో యశ్‌పాల్ నాయకత్వాన పని సాగింది. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని సరిగ్గా ఒక్క ఏడాదికి మనకు ఇచ్చింది. ఆరు రాష్ట్రాలు, సుమారు 2,400 పల్లెలు. ఆంధ్రప్రదేశ్‌లో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వంటి జిల్లాలు, కర్ణాటకలో గుల్బర్గా, రాయచూరు ప్రాంతం, మధ్యప్రదేశ్‌లో రాయపూర్ ప్రాంతం అందులో ఉన్నాయి. మహారాష్ట్ర ఆ ఆరింటిలో లేదు. మనకు దక్షిణాన తెలుగు పల్లెలు, తూర్పున ఛత్తీస్‌గఢ్ పల్లెలు బొమ్మ చూస్తుంటే మధ్యన చంద్రపూర్ చీకట్లోనే ఉండిపోయింది.

ఆ సెట్లు తయారైంది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో. ఇక్కడ మన ఇంటి టీవీ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటే ఆనాటి కష్టం అర్థమవుతుంది. పాత టీవీలో ఉండే పిక్చర్ ట్యూబు ఒక పెద్ద గాజు సీసా. లోపల గాలి ఉండదు. బయటి గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. 20 అంగుళాల తెర మీద ఆ లెక్కన వెయ్యి కిలోలకు పైనే బరువు. బడిలో ఈ లెక్క చేయిస్తే పిల్లలు నోళ్లు తెరుస్తారు. తెర గాజు మందం కాబట్టి తట్టుకుంటుంది. వెనకాల సన్నని మెడ ఉందే, దెబ్బ తగిలేది దానికే. అది విరిగితే ట్యూబు పనికిరాదు. గాజు గట్టిగా పగిలితే ముక్కలు లోపలికి లాక్కుపోయి తిరిగి బయటికి చిమ్ముతాయి. అందుకే హమాలీలు టీవీని తెర వైపు గుండెకు ఆనించుకొని మోసేవారు. బరువంతా తెర వైపే ఉంటుంది, చేతి పట్టూ తప్పదు. వ్యానులో దాన్ని నేరుగా ఇనుప చట్రం మీద పెట్టకుండా, బొంత మడిచి వేసి, చుట్టూ దిండ్లు కూరి, కదలకుండా తాడు కట్టాలి. బస్తాల మీద, పైన, చివరిగా పెట్టడం మాత్రం వద్దు. బ్రేకు పడితే అది ముందు దొర్లుతుంది.

ఇప్పటి పలచని టీవీకి మెడ లేదు గాని నడుమూ లేదు. దాన్ని పడుకోబెడితే గతుకులకు అద్దం మధ్యలో ఊగి చిట్లుతుంది. నిలబెట్టే తీసుకుపోవాలి, తెర మీద ఏదీ ఆనకూడదు. కొన్ననాటి అట్టపెట్టెను అటక మీద దాచిన ఇల్లాలే తెలివైనది.

మళ్లీ 1975కు వద్దాం. ఉపగ్రహం భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఆ దూరాన్ని సంకేతం రెప్పపాటులో దాటేది. చివరి పది మైళ్ల బండి బాటను టీవీ పెట్టె దాటడమే గండం అని నాకు అనిపిస్తుంది. ఊరికి ఒక్కటే సెట్టు. బళ్లోనో, పంచాయతీ ఇంట్లోనో పెట్టేవారు. దారిలో అది దెబ్బతింటే ఊరు ఊరంతా చూడలేదు. గడువు ఏడాదే కనుక పోయిన రోజు పోయినట్టే. సెట్టు పక్కన పది అడుగుల గొడుగు యాంటెనా నిలబెట్టేవారు. అది కోళ్ల గూటికి వాడే ఇనుప జాలీ! సంకేతం అల పొడవు 35 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. జాలీ కంతలు అంతకంటే ఎంతో చిన్నవి గనుక అలకు అది నిండు రేకులాగే పనిచేస్తుంది. బరువు తక్కువ, గాలివాన దూసుకుపోతుంది. కరెంటు లేని కొన్ని ఊళ్లలో సెట్లు బ్యాటరీ మీద నడిచాయి. చెడిపోయినవాటిని బాగుచేసేందుకు మరమ్మతు బృందాలు జీపుల్లో తిరిగేవి. ఏ రోజు చూసినా నూటికి ఎనభైకి పైగా సెట్లు పనిచేశాయంటే, ఆ కీర్తిలో రాకెట్ల వారితో పాటు స్క్రూడ్రైవర్ల వారికీ వాటా ఉంది.

పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు ప్రసారం. పిల్లల పాఠాలు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషల్లో వంతులవారీగా వచ్చేవి. మా వృత్తివారికి నచ్చే సంగతి ఒకటుంది: ఆ సెట్ల ముందే పన్నెండేసి రోజుల సైన్సు శిక్షణ రెండు విడతలుగా జరిగి, యాభై వేల దాకా ప్రాథమిక ఉపాధ్యాయులు నేర్చుకున్నారు. పాఠం చెప్పేవారు కూడా పల్లెలో కూర్చునే విద్యార్థులయ్యారు.

1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని నాసా వెనక్కి జరుపుకుంది. 1977లో హైదరాబాద్, గుల్బర్గా, రాయపూర్ వంటి చోట్ల నేల మీది ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. వాటి అందుబాటులో ఉన్న పల్లెలకు బొమ్మ మళ్లీ వచ్చింది. మిగతా ఊళ్లలో రాలేదు. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి పైకి వెళ్లింది. పల్లె బళ్లకు ఉపగ్రహ టీవీ పాఠాలు అందించేందుకు మళ్లీ ఆరు రాష్ట్రాలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఈసారి జాబితాలో మన మహారాష్ట్ర కూడా ఉంది.