నిప్పుకు మార్కులు

సూర్యాపేట జిల్లా మోతె నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా గంట ప్రయాణంలో ఒక పాత కోట పేరు తగులుతుంది. చివ్వెంల వైపు ఉండ్రుగొండ, ఉర్లుగొండ. కోదాడ వైపు అనంతగిరి. సూర్యాపేట దాటి పైకి పోతే అర్వపల్లి. ఇవాళ ఉండ్రుగొండ అంటే అడవిలో నరసింహస్వామి గుడి, అనంతగిరి అంటే మండల కేంద్రం. ఐదు వందల ఏళ్ల కింద మాత్రం ఇవన్నీ గజపతుల కోటలు. 1515 జూన్‌లో కొండవీడును గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు కొండపల్లిని కూడా పట్టి తెలంగాణలోకి వచ్చాడు. అప్పుడు ఆయన లాక్కున్న దుర్గాల జాబితాలో ఈ నాలుగు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.

ఆ కోటలు పోగొట్టుకున్న రాజు ప్రతాపరుద్ర గజపతి. యుద్ధాల్లో ఆయనకు పెద్దగా కలిసిరాలేదు కానీ, ఇంకో విషయంలో ఆయన పేరు చరిత్రలో గట్టిగా నిలిచింది. మన దేశంలో బాణసంచా ఎలా తయారు చేయాలో వివరంగా చెప్పిన తొలినాటి రచనల్లో ఆయన పేరు మీద ఉన్న ‘కౌతుకచింతామణి’ అనే సంస్కృత గ్రంథం ఒకటి. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థలో పనిచేసిన పి.కె.గోడే భారతదేశ బాణసంచా చరిత్ర రాసినప్పుడు ఈ గ్రంథాన్ని బయటికి తీసి, అందులోని పాళ్లను లోకానికి చూపించాడు.

ఆ జాబితా చదువుతుంటే దీపావళి ముందు పాత ఇళ్ల పెరట్లో ఆరబోసిన సరుకు గుర్తొస్తుంది. గంధకం, సురేకారం, బొగ్గు, ఇనుప రజను, ఉక్కు రజను, ఇంగిలీకం, హరిదళం, రాగి చిలుము, ఆముదం గింజల ముద్ద, మందు కూరడానికి వెదురు గొట్టాలు. ఒక్కో దానికి ఒక్కో పేరు కూడా ఉంది: కల్పవృక్ష బాణం, చామర బాణం, చంద్రజ్యోతి, పుష్పవర్తి, ఛుఛుందరీ రస బాణం. చుంచెలుక పేరు పెట్టుకున్న ఆ చివరిది నేల మీద ఎటు పడితే అటు ఉరికేదని ఊహించుకోవచ్చు. మన సిసింద్రీకి తాత అన్నమాట. తెలుగు ఇళ్లలో మతాబులు, చిచ్చుబుడ్లు కూరుకున్న నిన్నమొన్నటి తరం వాడింది కూడా దాదాపు ఈ సరుకే. బొగ్గుకు మాత్రం ఎవరి నమ్మకం వారిది. జిల్లేడు కట్టె మంచిదని ఒకరంటే, కంది కట్టెకు సాటి లేదని ఇంకొకరు.

ఈ పాళ్లలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. బొగ్గు, ఇనుము కాలితే వచ్చేది బంగారు, నారింజ రంగు రవ్వలు. ఇప్పుడు మనం ఆకాశంలో చూసే నిగనిగలాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఆ రోజుల్లో సాధ్యం కాదు. అవి రావాలంటే 1786 ప్రాంతంలో ఫ్రాన్సులో బెర్తొలే కనిపెట్టిన పొటాషియం క్లోరేట్ కావాలి. అది బాణసంచాలోకి చేరి రంగులు విరియడానికి ఇంకో నలభై, యాభై ఏళ్లు పట్టింది. అంటే రాయలు చూసినా, గజపతి చూసినా, చూసింది ప్రధానంగా పసిడి నిప్పే.

ఆ పసిడి నిప్పే విదేశీయుల కళ్లు తిప్పింది. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, అక్కడి ఉత్సవంలో కాల్చిన బాణసంచా రకాలన్నీ చెప్పాలంటే మాటలు చాలవన్నట్టు రాశాడు. 1520 ప్రాంతంలో మహర్నవమి చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయిష్, రాత్రిపూట కోట ఆకారాలు అంటుకుని వాటిలోంచి జువ్వలు, బాంబులు ఎగసిపడటం వర్ణించాడు. ఇద్దరూ మెచ్చుకున్నారు. ఏది మెరుగు, ఏది తరుగు అని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పే పని కూడా లేదు. కాల్పించేవాడు ఒక్కడే, రాజు. రాజుగారి బాణసంచాకు మార్కులు వేసే దమ్ము ఎవరికుంటుంది?

మార్కుల మాట రావాలంటే రెండు పక్షాలు ఉండాలి. మన పక్కనే కేరళలో ఆ రెండు పక్షాలూ పుట్టాయి. 18వ శతాబ్దం చివర కొచ్చి పాలకుడు శక్తన్ తంపురాన్ త్రిసూర్‌లో పూరం ఉత్సవాన్ని తీర్చిదిద్దాడు. అక్కడి పారమేక్కావు, తిరువంబాడి దేవస్థానాలు నేటికీ అన్నిట్లోనూ పోటీయే. ఏనుగుల మీద గొడుగులు మార్చడంలో పోటీ, చెండమేళంలో పోటీ, తెల్లవారుజామున తేక్కిన్‌కాడు మైదానంలో కాల్చే వెడిక్కెట్టు అనే బాణసంచాలో పోటీ. అధికారికంగా న్యాయనిర్ణేత లేడు. గెలుపు ఎవరిదో జనం కేక చెప్పాలి. ఇక్కడే చిక్కంతా ఉంది. రాత్రంతా నిద్ర లేకుండా నిలబడ్డ లక్షల మంది కేక దేనికి లేస్తుంది? సన్నని రంగు మార్పుకు లేవదు. గుండె అదిరే చప్పుడుకు లేస్తుంది. తీర్పు కేకదైనప్పుడు ప్రతి ఏడాదీ మందు కూరడం కొంచెం పెరుగుతుంది.

దాని పర్యవసానం 2016 ఏప్రిల్ 10న కొల్లం జిల్లా పరవూరులోని పుట్టింగల్ గుడి దగ్గర కనిపించింది. పోటీ బాణసంచాకు జిల్లా యంత్రాంగం అనుమతి నిరాకరించినా కాల్పులు సాగాయి. తెల్లవారుజామున మూడు దాటాక నిప్పు రవ్వలు సరుకు నిలవచేసిన కట్టడం మీద పడ్డాయి. వందమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి ఎవరి బాణసంచా గెలిచిందని అడిగినవాడు లేడు.

తెలుగు నేల దీనికి దూరంగా ఏమీ లేదు. 2014 అక్టోబరు 20న దీపావళి ముంగిట కాకినాడ దగ్గరి వాకతిప్పలో తయారీ కేంద్రం పేలి పదిహేను మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది పోటీ కాదు, పనిచోటు. అయితే ఆ పనిచోట ఎంత మందు, ఏ రకం మందు కూరాలో నిర్ణయించేది కొనేవాడి చెవి. ‘చప్పుడు బాగుండాలె’ అన్న మాట సూర్యాపేటలో పెళ్లి బరాత్ ముందు పటాకుల లడీ కొనేవాడి నోట ఎంత సహజంగా వస్తుందో, గోదావరి తీర్థాల్లోనూ అంతే. దుకాణంలో రంగు గురించి అడిగేవాళ్లు తక్కువ.

ఇక సంగీతం సంగతి. బాణసంచాకు సంగీతం జత కావడంలో అందరూ చెప్పుకునే రోజు 1749 ఏప్రిల్ 27. యుద్ధం ముగించిన సంధి సంబరానికి లండన్ గ్రీన్ పార్కులో రెండో జార్జి రాజు భారీ మంటపం కట్టించాడు. హాండెల్ అనే స్వరకర్త ప్రత్యేకంగా సంగీతం రాశాడు. ఆరు రోజుల ముందు వాక్స్‌హాల్ తోటలో జరిగిన రిహార్సల్‌కే పన్నెండు వేల మంది వచ్చారని, లండన్ బ్రిడ్జి మీద బండ్లు గంటల తరబడి ఆగిపోయాయని అప్పటి రాతలు చెబుతాయి. అసలు రోజున వాన. పైగా బాణసంచా పని ఇటలీ వాళ్లకు, ఇంగ్లీషు వాళ్లకు పంచితే ఇద్దరికీ పడలేదు. మంటపంలో ఒక పక్క అంటుకుంది. దాన్ని కట్టిన సెర్వందోనీ కోపంతో బాణసంచా అధికారి మీదికి కత్తి దూశాడు. సంగీతం మాత్రం అప్పటినుంచి ఇప్పటిదాకా కచేరీల్లో మోగుతూనే ఉంది. ఇంత చేసినా ఆనాడు పాట ముందు, పటాకులు తర్వాత. రెండూ కలిసి నడవలేదు. చేత్తో ఒత్తి అంటించే రోజుల్లో తాళానికి సరిగ్గా జువ్వ పేలడం జరిగే పని కాదు.

ఆ పని కరెంటు వచ్చాక, కంప్యూటర్ వచ్చాక జరిగింది. స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ 1964 నుంచి, ఫ్రాన్సులోని కాన్ 1967 నుంచి బాణసంచా పోటీలు నడుపుతున్నాయి. అందరి చూపునూ తిప్పుకున్నది మాత్రం కెనడాలోని మాంట్రియల్. 1985లో అక్కడి లా రోండ్ వినోదస్థలంలో మొదలైన పోటీకి దేశదేశాల జట్లు వస్తాయి. ఒక్కో రాత్రి ఒక్కో దేశం. సుమారు అరగంట ప్రదర్శన. మొదటి బహుమతి పేరు గోల్డ్ జూపిటర్. వేసవి అంతా ఈ రాత్రులు సాగుతాయి. జాక్ కార్టియే వంతెన మీద వాహనాలు ఆపేస్తే జనం నడిచి వచ్చి నిలబడతారు. పాటను రేడియోలో పెట్టుకుని ఆకాశం చూస్తారు.

తీర్పు చెప్పేది ఎవరు? బాణసంచా కంపెనీల వాళ్లు కాదు. మామూలు ప్రేక్షకుల్లోంచి ఎంపిక చేసిన 19 మంది. ప్రతి ప్రదర్శనా వాళ్లు చూడాలి. రూపకల్పన, సరుకు నాణ్యత, పాట ఎంపిక, పాటకూ పేలుడుకూ కుదిరిన జత లాంటి అంశాలకు విడివిడిగా మార్కులు వేయాలి. కేక పోయి కాగితం వచ్చిందన్నమాట. జనమే న్యాయనిర్ణేతలు, కాకపోతే పెన్ను పట్టుకున్న జనం.

ఆ కాగితం ఏం మార్చిందో తెలియాలంటే ఒక్క గుండు వెంట వెళ్లాలి. ఆరంగుళాల షెల్ ఇసుకలో పాతిన గొట్టం అడుగున ఉంటుంది. దానికి సన్నని విద్యుత్ వత్తి. షెల్ గొట్టం వదిలి సుమారు ఆరు వందల అడుగుల ఎత్తుకు చేరి విచ్చుకోవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. అంటే పాటలో మృదంగం దరువు పడే క్షణానికి పువ్వు విచ్చుకోవాలంటే, కంప్యూటర్ నాలుగైదు సెకన్ల ముందే నిప్పు పంపాలి. చిన్న షెల్‌కు ఇంకా తక్కువ వ్యవధి. అరగంటలో వేల సంఖ్యలో ఉండే ఇలాంటి లెక్కలన్నీ నెలల ముందే కూర్చుని రాసుకుంటారు. ఇంతా చేసి వెలుగు కంటికి వెంటనే చేరుతుంది, చప్పుడు సెకనుకు 340 మీటర్ల చొప్పున నింపాదిగా వస్తుంది. కిలోమీటరు దూరంలో కూర్చున్నవాడికి పేలుడు దాదాపు మూడు సెకన్లు ఆలస్యం. అందుకే ఇలాంటి పోటీలో చప్పుడును తాళానికి కట్టలేరు, వెలుగునే కడతారు. పేలుడు మోత పక్కకు పోయి, మెరుపు ముందుకొచ్చింది. చప్పుడును ఎవరూ నిషేధించలేదు, మార్కుల పద్ధతే దాని విలువ తగ్గించింది. ఈ చరిత్ర అంతటిలో అసలు మలుపు ఇదేనని ఒప్పుకోవాలి.

రంగు చూడటంలోనూ అనుభవజ్ఞులకు ఒక గురుతు ఉంది. ఎరుపు స్ట్రాన్షియం ఇస్తుంది, ఆకుపచ్చ బేరియం, పసుపు సోడియం. ఇవి సులువు. రాగితో వచ్చే నీలం కష్టం. వేడి కాస్త ఎక్కువైతే వెలిసిపోతుంది. చిక్కటి నీలం చూపించిన జట్టు చేతివాటం తెలిసిన జట్టు. ఇంకొకటి గాలి. పొగ కదలకపోతే ఎంత గొప్ప ప్రదర్శన అయినా మూడో నిమిషానికి మసకబారుతుంది. తెలివైన జట్టు మధ్యలో ఖాళీ వదులుతుంది. చీకటి ఉంచడం కూడా లెక్కలోదే.

మన దగ్గర కొలిచి తీర్పు చెప్పే అలవాటు లేదనుకుంటే పొరపాటు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఎడ్ల బండలాగుడు పందేలు చూసినవాళ్లకు తెలుసు. బండ బరువు ముందే చెబుతారు, సమయం గడియారంతో చూస్తారు, దూరం టేపుతో కొలుస్తారు. ఎంతమంది ఈలలు వేసినా అడుగు తక్కువ లాగిన జతకు మొదటి బహుమతి రాదు. మరి బాణసంచా దగ్గరికి వచ్చేసరికి ఆ టేపు ఎందుకు మాయమవుతుందో అర్థం కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. ఐదు రోజులు లక్షల మంది ‘ఓ లింగా’ అంటూ భేరీల మోతకు గజ్జెల లాగులతో అడుగు వేస్తారు. తాళం తెలియని ప్రాంతమేమీ కాదిది.

చట్టం తన వంతు చెప్పేసింది. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటే టపాకాయ చెల్లదని 1999లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళి కాల్పులను రాత్రి ఎనిమిది నుంచి పది వరకే పరిమితం చేసి, బేరియం లవణాలను వద్దంది. అప్పటినుంచి ఆకుపచ్చ వెలుగుకు దారి మూసుకుపోయినట్టే. శివకాశి వాళ్లు వేరే పాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈలోగా ఆకాశంలో కొత్త పోటీదారు వచ్చాడు. 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో కృష్ణ మీద 5,500 డ్రోన్లు లేచి ఐదు గిన్నిస్ రికార్డులు సాధించాయి. పొగ లేదు, నిప్పు లేదు, చూడముచ్చటగా ఉంది. కానీ అక్కడ తేలింది ఎన్ని అన్న లెక్క మాత్రమే, ఏది బాగుందన్న తీర్పు కాదు. రెండు జట్లను ఒకే పాటకు ఎగరేసి, చూసినవాళ్ల చేతికి కాగితం ఇచ్చిన రోజున డ్రోన్ల పోటీకీ అర్థం వస్తుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉత్సవాలకు బాణసంచా ఏర్పాటు చేసే కమిటీలకు ఒక మనవి. ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచి పోటీ పెట్టాలన్న ఆలోచన వస్తే, ముందు మార్కుల కాగితం రాయండి. రంగుకు ఇన్ని, పాటతో జతకు ఇన్ని, భద్రతకు ఇన్ని, చప్పుడుకు సున్నా. లైసెన్సు, జనానికీ గొట్టాలకూ మధ్య దూరం, సరుకు నిలవచేసే చోటు అధికారులతో ఖాయం చేసుకోండి. చందా పుస్తకం ఆ తర్వాత తెరవండి.