కాగితపు చుట్ట నుంచి స్టెతస్కోపు దాకా

వైద్యుని మెడలో వేలాడే స్టెతస్కోపు మొదట ఒక కాగితాల చుట్ట అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1816లో పారిస్‌లోని నెక్కర్ ఆసుపత్రిలో రెనె లెనెక్ అనే వైద్యుడు గుండెజబ్బు లక్షణాలున్న ఒక యువతిని పరీక్షించవలసి వచ్చింది. ఆమె స్థూలకాయం వల్ల ఛాతీపై వేళ్లతో తట్టి చూచినా ప్రయోజనం లేకపోయింది. పరాయి స్త్రీ ఛాతీకి నేరుగా చెవి ఆనించడం మర్యాద కాదు. దూలానికి ఒక కొసన గుండుసూదితో గీస్తే, రెండో కొసన చెవి పెట్టిన వారికి వినబడుతుందన్న సంగతి ఆయనకు స్ఫురించింది. కాగితాల దస్తాను గట్టిగా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీకి, మరో కొస తన చెవికి ఆనించారు. గుండె చప్పుడు ఎంతో స్పష్టంగా వినిపించింది. మనం ఉద్యోగకాలమంతా వాడిన కాగితం ఇంత ఘనకార్యం చేసిందన్నమాట! తరువాత ఆయన కొయ్యగొట్టం తయారుచేసుకున్నారు.

ఆయన కృషి గొట్టంతో ఆగలేదు. రోగి బ్రతికుండగా విన్న శబ్దాలను, మరణానంతరం శవపరీక్షలో కనిపించిన ఊపిరితిత్తుల స్థితితో సరిపోల్చి, 1819లో గ్రంథం ప్రచురించారు. ఒక శబ్దాన్ని నిప్పు సెగకు ఉప్పు చిటపటలాడడంతోను, మరొకదాన్ని పావురం కూతతోను పోల్చారు. ఫ్రెంచి మాట వింటే రోగులు బెదురుతారని వారి ఎదుట లాటిన్ పదం వాడేవారు. నేటి డాక్టర్ల నోట వినే ‘రాంకై’ అదే.

ఈ శబ్దాల అర్థం నేడు మరింత తెలిసింది. శ్వాసనాళాలు ఇరుకైతే పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసం, పొగతాగడం వల్ల వచ్చే జబ్బు ఇందుకు ముఖ్య కారణాలు. న్యుమోనియాలోను, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు చిటపటలు వినిపిస్తాయి. ఇవి సాధారణంగా స్టెతస్కోపుకే అందుతాయి, మన చెవికి కాదు.

లెనెక్ 1826లో తన 45వ ఏట క్షయతో కన్నుమూశారు. ఆయన గొట్టంతోనే బంధువైన మెరియాడెక్ ఆయన ఛాతీని పరీక్షించి జబ్బు ఆనవాళ్లు విన్నారు. కాని చేయగలిగిందేమీ లేదు. క్షయపై పనిచేసే స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. ఆనాడు వినేవారున్నారు, మందు లేదు. ఈనాడు మందులున్నాయి, “వయసు మీద పడింది, ఆయాసం మామూలే” అంటూ మనమే డాక్టరు దగ్గరకు వెళ్లం.

కనుక మిత్రులారా, రెండు వారాలు దాటిన దగ్గు, కొత్తగా వచ్చిన పిల్లికూతలు, పాదాల వాపుతో పడుకుంటే పెరిగే ఆయాసం, జ్వరంతో కూడిన దగ్గు ఉంటే డాక్టరుకు చూపించుకోండి. కూర్చున్నా ఊపిరాడకపోయినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, కళ్లెలో రక్తం ఎక్కువగా పడినా, గాలి పీల్చేటప్పుడు గొంతులో కీచుమన్నా, తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఇది పెండింగులో పెట్టే ఫైలు కాదు.