చేప ఏ పంక్తిలోది?

మా గురజాల వైపు చాలామంది చేపని ‘చాప’ అంటారు. పడుకునేదీ చాపే, పులుసు పెట్టుకునేదీ చాపే. సందర్భాన్నిబట్టి ఏది ఏదో తెలిసిపోతుంది గనక ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక్కచోట మాత్రం పిల్లలు పొరబడతారు. బడిలో మేష్టారు పల్నాటి చరిత్ర చెబుతూ బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు అనగానే, పాపం, వాళ్ళ కళ్ళముందు పులుసుముక్క కనిపిస్తుంది!

చాపకూడులో చాప పరుచుకునే చాపే. పన్నెండో శతాబ్దంలో మాచర్ల మలిదేవరాజుకి మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు, చెన్నకేశవస్వామి భక్తుడు, అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని చెప్పుకుంటాం. మాల కన్నమదాసుని చేరదీసి సేనాపతిని చేసినవాడాయన. ఇటు గురజాలలో నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ. (ఆవిడని దుష్టురాలిగా చూపించడం మనవాళ్ళకి అలవాటైపోయింది. రాజ్యం నడిపిన ఆడదానికి ఆ మాత్రం పేరు రాకుండా ఉంటుందా!) కోడిపందెం, వలస, చివరికి 1182 ప్రాంతంలో కారెంపూడి యుద్ధం, ఇవన్నీ మీకు తెలిసినవే. చాపకూడు కథలో ముఖ్యం విస్తట్లో ఏం వడ్డించారన్నది కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది.

ఇప్పుడిదంతా ఎందుకంటే, మా పక్కింటావిడ మొన్నొక ప్రశ్న వేసింది. ఉల్లిపాయ కూడా వారం చూసి తరిగే ఇల్లు వాళ్ళది.

“ఏమండీ వదినగారూ, చేప శాకాహారంలోకే వస్తుందటగా?”

ఆరా తీస్తే తేలిందేమిటంటే, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న వాళ్ళబ్బాయి ఒక బెంగాలీ అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు. “వాళ్ళూ బ్రాహ్మలేనటండీ. కానీ చేప మాత్రం రోజూ ఉండాల్సిందేనట. మీరు పుస్తకాలు రాసేవారు గదా, వస్తుంది అని ఒక్కమాట అనండి. మావారికి నేను చెప్పుకుంటాను.”

నేను చేప తినే ఇంటిదాన్ని. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. అయినా వస్తుందని అనలేకపోయాను. తెలుగు మాటే ఒప్పుకోదు. శాకాహారం, మాంసాహారం అన్నవి పుస్తకం మాటలు. మనిళ్ళల్లో అసలు మాట నీచు. మా వైపు నీసంటారు. నీచు తినేవాళ్ళు, నీచు ముట్టనివాళ్ళు, అంతే. ఆ నీచన్న మాటకి చేపవాసన అని ఇంకో అర్థం! నీచులో చేర్చాల్సిన మొదటి వస్తువుని తీసుకెళ్ళి కాయగూరల బుట్టలో వెయ్యమంటే ఎలాగ? ఈనాటి ప్రభుత్వం వారి లెక్కా అదే. పొట్లాలమీద గుర్తులు వేసే నిబంధనల్లో చేపా గుడ్డూ అటువైపే, పాలూ తేనే మాత్రం ఇటువైపు.

అయితే ఈ పేచీ మా పక్కింట్లో మొదలైంది కాదు. పల్నాటిలోనే దీనికి పదిహేడు వందల ఏళ్ళ వయసుంది. నాగార్జునకొండ చూసే ఉంటారు. సాగరం నీళ్ళలో మునగక ముందు అది విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని. మూడో శతాబ్దంలో అక్కడ మహాచైత్యం కట్టించిన ప్రధాన దాత ఒక స్త్రీ, చాంతిసిరి. రాజు వీరపురుషదత్తుడికి ఆవిడ మేనత్తా, అత్తగారూ కూడాను. (మేనరికం మన దగ్గర ఎంత పాతదో చూడండి!) భిక్షువులకీ బ్రాహ్మణులకీ పేదసాదలకీ ఆవిడ చేసిన దానాలు శాసనాల్లో ఉన్నాయి. సింహళ భిక్షువుల పేరుమీద ఒక విహారమూ ఉండేది. అంతమంది భిక్షువులు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆ ఊరి ఇల్లాలు ఏం వెయ్యాలి?

దానికి బుద్ధుడి జీవితకాలంలోనే తగాదా వచ్చిందని వినయపిటకం చెబుతుంది. భిక్షువులు చేపగానీ మాంసంగానీ ముట్టకూడదని నియమం పెట్టమని దేవదత్తుడు పట్టుబట్టాడు. అతను కోరిన ఐదు కోరికల్లో అదొకటి. బుద్ధుడు ఒప్పుకోలేదు. నీకోసమే చంపినట్టు నువ్వు చూడకూడదు, వినకూడదు, అనుమానం కూడా ఉండకూడదు, ఆ మూడూ లేకపోతే గిన్నెలో పడింది తినవచ్చు అన్నాడు. అడుక్కుని తినేవాడు గృహిణికి వంట జాబితా ఇవ్వకూడదన్నది నాకు ఇందులో కనిపించే మర్యాద. తరవాత వచ్చిన మహాయాన గ్రంథాలు కొన్ని, లంకావతార సూత్రం వంటివి, మాంసమే కూడదన్నాయి. ఒకే మతంలో రెండు మాటలూ ఉన్నాయన్నమాట.

అశోకుడి సంగతి మరీ తమాషా. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద ఉన్న శాసనాల్లో ఆయన వంటింటి లెక్క చెప్పుకున్నాడు. పూర్వం రోజుకి లక్షల ప్రాణులు తెగేవట, ఇప్పుడు రెండు నెమళ్ళూ ఒక లేడీ మాత్రమేనట, ముందుముందు అవీ ఉండవట. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్ళకి ఉత్తరాదిని స్తంభాలమీద వేయించిన శాసనంలో చేపల వంతు వచ్చింది. ఫలానా రకాలు ఎప్పుడూ చంపరాదు, పున్నమికీ పర్వదినాలకీ ఏ చేపా చంపరాదు, అమ్మరాదు అని. చక్రవర్తంతటివాడు కూడా చేపని పూర్తిగా మానిపించలేక తిథులు చూసుకున్నాడు. మన శనివారాలూ కార్తీకమాసాలూ కొత్తవేం కాదు.

ఇక మనువు. చేప తినేవాడు అన్ని మాంసాలూ తిన్నట్టే గనక మానెయ్యమని ఐదో అధ్యాయంలో ఒక శ్లోకం. పక్క శ్లోకంలోనే పాఠీనం, రోహితం మాత్రం దేవకార్యానికీ పితృకార్యానికీ పనికొస్తాయంటాడు! రోహితమంటే రోహు, మన శీలావతి. ఆ పేరు పెట్టినవాళ్ళకీ మనువు గుర్తొచ్చే పెట్టారేమో. బెంగాలీలు పట్టుకున్నది ఈ సందే. పదకొండు పన్నెండు శతాబ్దాల నాడు భవదేవభట్టు అనే పండితుడు, నిషేధమంతా కొన్ని తిథులకేగానీ అన్నిరోజులకీ కాదని శాస్త్రం తిరగేసి మరీ చేపని గట్టెక్కించాడు. నదులూ చెరువులూ నిండిన దేశంలో ఉన్నాడు గనక ఆయనకి అవసరమైంది. జొన్నకూడు తిన్న పల్నాటి పండితుడెవరికీ అంత అవసరం పడి ఉండదు.

చేప మాంసం కాదనడానికి దూరం పోనక్కర్లేదు. గురజాలకి దగ్గర్లోని రెంటచింతలలో కేథలిక్కులున్నారు. తపస్సుకాలం శుక్రవారాల్లో వాళ్ళకి మాంసం నిషేధం, చేపకి అడ్డులేదు. హైదరాబాదులో బత్తినివారు మృగశిర కార్తె నాడు ఉబ్బసానికి ఇచ్చే మందు సంగతి అందరికీ తెలుసు. బతికున్న కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. శాకాహారులకి బెల్లంలో పెట్టి ఇస్తారు. ఆ మందుకి గుణముందని వైద్యపరీక్షల్లో రుజువు కాలేదు గానీ, శాకాహారికి వేరే వరస ఉండాలన్న తెలివిడి మాత్రం వాళ్ళకుంది.

బెంగాల్ దగ్గర ఇంకాస్త ఆగాలి. అక్కడ పెళ్ళికి పెద్ద రోహు చేపకి చీర చుట్టి, బొట్టుపెట్టి, పెళ్ళికూతురిలా ముస్తాబుచేసి వియ్యాలవారింటికి పంపుతారు. చేప ముత్తయిదువ తనం. మరి భర్త పోతే? ఆ మర్నాటినుంచీ చేప బంద్. ఉల్లి, వెల్లుల్లి, చివరికి ఎర్ర కందిపప్పు కూడా బంద్. ఏకాదశినాడు మంచినీళ్ళూ లేవు. పదేళ్ళ పిల్లయినా అంతే. 1856లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి పోరాటంవల్ల వితంతు వివాహ చట్టం వచ్చిందిగానీ చట్టం వంటింట్లోకి రాలేదు. భవదేవభట్టు మగవాళ్ళ కంచంలో చేపని అంత శ్రమపడి నిలబెట్టాడు గదా! విధవరాలి కంచంలోంచి తీసేసేటప్పుడు ఏ పండితుడికీ అంత ఆలోచన పట్టలేదు. శాకాహారం కొందరికి వ్రతమైతే, ఆవిడకి శిక్ష.

మన చేపలు తినే ఇళ్ళ సంగతి మాత్రం? శనివారం ఒక్కపొద్దున్న ఇల్లాలే చేపలు తెప్పించి, బూడిదా ఉప్పూ వేసి రాతిమీద రుద్ది కడిగి, దాకలో పులుసు పెడుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో పిల్లల చేత రుచి చూపిస్తుంది. తను మజ్జిగన్నం తిని లేస్తుంది. చేప శాకాహారమా కాదా అని ఆవిడని ఎవరూ అడగలేదు. తన నియమం తనది, పులుసు వాళ్ళది. శాస్త్రం తిరగెయ్యకుండానే చాపకూడు నడుస్తోంది ఆ ఇంట్లో.

పక్కింటావిడకి ఈ మాటే చెప్పాను. చేపకి దొంగపేరు పెట్టి లోపలికి తీసుకురావద్దు, ఆ పిల్ల చేప తింటుందనే చెప్పండి, నియమం పట్టినవాళ్ళు మీరుగానీ ఆ పిల్ల కాదుగదా అని. పేరు మార్చి తెచ్చుకున్న కోడలు జీవితాంతం ఆ పేరు మోస్తూ తిరగాలి.

ఇలాంటి సందు వెతుక్కునే అవకాశం గాంధీగారికీ వచ్చింది. 1888లో లండన్ వెళ్ళేముందు మాంసం ముట్టనని తల్లి పుత్లీబాయికి మాట ఇచ్చాడు గదా. అక్కడ మాంసమన్న మాటకి మూడు అర్థాలు చెప్పేవాళ్ళు తగిలారు. పశుపక్ష్యాదులదే మాంసం అన్నది మొదటిది. ఆ లెక్కన చేపా గుడ్డూ తినవచ్చు. ప్రాణమున్న ప్రతిదాని కండా మాంసమే అన్నది రెండోది. అప్పుడు చేప లేదుగానీ గుడ్డు తినవచ్చు. గుడ్డుతోపాటు పాలు కూడా కూడదన్నది మూడోది. చలిదేశంలో ఆకలితో ఉన్న పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి మొదటి అర్థం ఎంత సుఖం! కానీ మాట పుచ్చుకున్నది ఆ అర్థాలు చెప్పినవాళ్ళు కాదు, రాజకోటలో ఉన్న అమ్మ. ఆవిడ మనసులో ఏ అర్థముందో అదే తనకి కట్టుబాటనుకున్నాడు. ఆవిడ లెక్కలో చేపా లేదు, గుడ్డూ లేదు. అప్పట్నించీ శాకాహార హోటళ్ళలో కూడా ప్రతి కేకుకీ పుడ్డింగుకీ ఇందులో గుడ్డుందా అని అడిగి, ఉంటే పక్కకి జరిపేసేవాడు. 1891లో చదువు ముగించుకుని బొంబాయి రేవులో దిగాకగానీ, తను దేశంలో లేనప్పుడే అమ్మ పోయిందన్న కబురు అన్నగారు ఆయనకి చెప్పలేదు.